1,306 సమస్యలు: ఆల్-ఇన్-వన్ యాంటీవైరస్‌ని మనమే పరీక్షించడం ఎలా?

"ఒరేయ్ మావా, నా లాప్‌టాప్‌లో 1,306 సమస్యలున్నాయంటరా!"

సెకండ్ మిడ్స్‌కి వారం ముందు, రాత్రి పదకొండింటికి మా రూమ్మేటు వేసిన కేక ఇది. వెళ్లి చూస్తే స్క్రీన్ మీద ఎర్రటి వలయం, దాని మధ్యలో 1,306. కింద "మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది" అని ఒక వాక్యం. దాని కింద పచ్చటి బటన్, "అన్నీ సరిచెయ్యి" అని. అది నొక్కితే ఏదీ సరిచెయ్యదు, డబ్బు కట్టే పేజీకి తీసుకెళ్తుంది. వాడు అప్పటికే ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టబోతున్నాడు. ఆ డబ్బు మెస్ బిల్లు కోసం ఇంటి నుంచి వచ్చింది.

నేను ఆపాను. తెలివితో కాదు, భయంతో. ఎందుకంటే రెండు రోజుల ముందు "లాప్‌టాప్ స్లోగా ఉంది, ఏదైనా చెయ్యరా" అని వాడు అడిగితే ఆ సూట్ ట్రయల్ వర్షన్ వేసింది నేనే. అదే యాంటీవైరస్, అదే క్లీనర్, అదే స్పీడ్ బూస్టర్, ఒక్కటి వేస్తే అన్నీ అయిపోతాయని వేసేశాను. వాడి మినీ ప్రాజెక్టు, రెజ్యూమె, మూడేళ్ల నోట్సు అన్నీ ఆ ఒక్క లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. పైగా అది వాళ్ల అన్నయ్య వాడి ఇచ్చిన పాత మెషీన్. 4 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్క్.

ట్రయల్ ఇంకా ఐదు రోజులుంది. "ఐదు రోజులు ఆగు, అప్పటికీ అవసరమనిపిస్తే సగం డబ్బు నేనిస్తా" అన్నాను. ఆ ఐదు రోజుల్లో మేం నేర్చుకున్నదే ఈ వ్యాసం. ఏ సాఫ్ట్‌వేర్ అన్నది ఇక్కడ ముఖ్యం కాదు కాబట్టి పేరు రాయడం లేదు. ఇలాంటివి చాలా ఉన్నాయి, రేపు ఇంకోటి వస్తుంది. పరీక్షించే పద్ధతి తెలిస్తే ఏదొచ్చినా పనికొస్తుంది.

ముందు విడదీయండి

ఆల్-ఇన్-వన్ సూట్‌ని ఒకే వస్తువుగా చూస్తే దాన్ని అంచనా వెయ్యలేం. ఒకే డబ్బాలో ఐదారు వేర్వేరు పనిముట్లు పెట్టి అమ్ముతున్నారు, అంతే. మేం కాగితం మీద ఇలా విడదీశాం:

1. వైరస్ రక్షణ: ఫైలు తెరిచే క్షణంలోనే చూసే రియల్‌టైమ్ కాపలా, మనం చెప్పినప్పుడు చేసే స్కాన్.
2. జంక్ క్లీనర్: టెంపరరీ ఫైళ్లు, బ్రౌజర్ క్యాష్, కుకీలు తీసేది.
3. రిజిస్ట్రీ క్లీనర్.
4. స్టార్టప్ మేనేజర్: లాప్‌టాప్ ఆన్ కాగానే ఏయే ప్రోగ్రాములు లేవాలో నిర్ణయించేది.
5. డిస్క్ డీఫ్రాగ్, డ్రైవర్ అప్‌డేటర్.
6. కొసరు: వీపీఎన్, పాస్‌వర్డ్ మేనేజర్ లాంటివి.

వీటిలో మొదటిదొక్కటే భద్రత. మిగతావి ఎక్కువగా ఇల్లు ఊడ్చే పనులు. కానీ స్క్రీన్ మీద అన్నీ కలిపి ఒకే ఎర్ర అంకెగా చూపిస్తారు. ఊళ్లో కొన్ని మందుల షాపుల్లో బీపీ చూసేదీ ఆయనే, రోగం పేరు చెప్పేదీ ఆయనే, మందు అమ్మేదీ ఆయనే. ఆయన మంచివాడే కావచ్చు. అయినా ఆయన చెప్పిన రోగాన్ని ఇంకోచోట చూపించుకోవడం మన బాధ్యత.

1,306లో ఏమున్నాయి?

"వివరాలు" అనే చిన్న అక్షరాల లింకు ఒకటుంది. పచ్చ బటన్ పక్కన అది కంటికి ఆనదు. తెరిచి చూశాం. అందులో ఎక్కువ భాగం బ్రౌజర్ కుకీలు, ఒక్కో కుకీ ఒక్కో సమస్య. తర్వాత టెంపరరీ ఫైళ్లు, తర్వాత రిజిస్ట్రీ ఎంట్రీలు, కొన్ని స్టార్టప్ ప్రోగ్రాములు. "వైరస్‌లు" అనే వరసలో ఉన్న అంకె: 0.

వాడు నా మొహం చూశాడు, నేను వాడి మొహం చూశాను.

ఆ తర్వాత ఒక చిన్న ప్రయోగం చేశాం. ఏమీ క్లీన్ చెయ్యకుండా, అరగంట సేపు మామూలుగా నాలుగైదు న్యూస్ సైట్లు చూసి మళ్లీ స్కాన్ పెట్టాం. అంకె పెరిగింది. వెబ్‌సైట్లు చూస్తే కుకీలు పెరుగుతాయి, కుకీలు పెరిగితే "ప్రమాదం" పెరుగుతుంది. అంటే అది కొలుస్తున్నది మేం ఎంత బ్రౌజింగ్ చేశామన్నది, ఎంత ప్రమాదంలో ఉన్నామన్నది కాదు. మీరూ ఏదైనా సూట్‌ని ట్రయల్ వేస్తే మొదట ఈ పరీక్ష చెయ్యండి. పైసా ఖర్చు లేదు.

ఇక రిజిస్ట్రీ. విండోస్ తన సెట్టింగులన్నీ రాసిపెట్టుకునే డేటాబేస్ అది. సాఫ్ట్‌వేర్ తీసేశాక దాని తాలూకు ఎంట్రీలు కొన్ని మిగిలిపోతాయి. వాటిని తీసేస్తే మెషీన్ వేగం పెరుగుతుందని క్లీనర్లు చెబుతాయి. డేటా స్ట్రక్చర్స్ చదివినవాళ్లం కదా, ఆలోచించండి. రిజిస్ట్రీ చెట్టులా కొమ్మలు కొమ్మలుగా ఉంటుంది. ప్రోగ్రాము తనకు కావలసిన కొమ్మ దారి చెప్పి నేరుగా అక్కడికే వెళ్తుంది. మొత్తం రిజిస్ట్రీని మొదటి నుంచి చివరిదాకా చదవదు. మన లైబ్రరీలో పై అరలో ఎవరూ తియ్యని పుస్తకాలు యాభై ఉన్నంత మాత్రాన, మీకు కావలసిన పుస్తకం నంబరు తెలిస్తే దాన్ని వెతకడం ఆలస్యం కాదు. పనికిరాని ఎంట్రీ తీసేస్తే వచ్చే లాభం దాదాపు శూన్యం, పొరపాటున పనికొచ్చేది తీసేస్తే నష్టం మాత్రం పెద్దది. రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని తాము సమర్థించమని మైక్రోసాఫ్టే తన సపోర్ట్ విధానంలో రాసింది.

"చెత్త" అన్న మాటనీ అనుమానించాలి. బ్రౌజర్ క్యాష్ చెత్త కాదు, మళ్లీ మళ్లీ డౌన్‌లోడ్ చెయ్యకుండా దాచుకున్న సరుకు. దాన్ని ఊడ్చేస్తే డిస్క్‌లో చోటు దొరుకుతుంది, కానీ సైట్లు మొదటిసారి ఇంకా నెమ్మదిగా తెరుచుకుంటాయి. విండోస్‌లో ప్రీఫెచ్ అనే ఫోల్డరుంది. ప్రోగ్రాములు త్వరగా లేవడానికి కావలసిన సమాచారం అందులో ఉంటుంది. కొన్ని క్లీనర్లు దాన్నీ "జంక్" కింద లెక్కేస్తాయి. తీసేస్తే విండోస్ దాన్ని మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి.

భయపెట్టే అంకెతో అమ్మడం మన ఒక్కరి అనుభవం కాదు. అమెరికాలో ఆఫీస్ డిపో దుకాణాల్లో "పీసీ హెల్త్ చెక్" అనే ప్రోగ్రాముతో కస్టమర్ల కంప్యూటర్లు పరీక్షించేవారు. మొదట్లో నాలుగు ప్రశ్నలుండేవి: కంప్యూటర్ స్లోగా ఉందా, తరచూ ఆగిపోతోందా, ఇలాంటివి. వాటిలో ఏ ఒక్కదానికి టిక్ పెట్టినా, స్కాన్‌లో ఏం దొరికిందన్న దానితో సంబంధం లేకుండా మాల్‌వేర్ లక్షణాలున్నాయని చూపించేదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2019లో ఆఫీస్ డిపో, దానికి సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సపోర్ట్ డాట్ కామ్ కలిసి 3.5 కోట్ల డాలర్లు కట్టి కేసు సర్దుబాటు చేసుకున్నాయి. 2024లో రెస్టోరో, రీఇమేజ్ అనే రెండు రిపేర్ సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఇలాంటి ఆరోపణల మీదే 2.6 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి.

వైరస్‌ని పడుతుందా, లేదా?

అసలు ప్రశ్న ఇది. కానీ "100 శాతం రక్షణ" అన్న మాట ఎక్కడ కనిపించినా నవ్వుకోవడానికి మన ఫ్లాట్ సబ్జెక్టు చాలు. హాల్టింగ్ ప్రాబ్లం గుర్తుందా? కంప్యూటర్ వైరస్‌ల మీద 1980లలో పరిశోధన చేసిన ఫ్రెడ్ కోహెన్ అదే తరహా వాదనతో, ఏ ప్రోగ్రామునైనా చూసి అది వైరసో కాదో తప్పు లేకుండా చెప్పగల అల్గారిథం ఉండదని చూపించాడు.

వాదన సులభం. అలాంటి తీర్పరి ఒకడున్నాడనుకుందాం. ఇప్పుడు నేనొక ప్రోగ్రాము రాస్తాను. అది ముందు తన గురించి తీర్పరినే అడుగుతుంది. "నువ్వు వైరస్‌వి" అంటే బుద్ధిగా ఆగిపోతుంది. "కాదు" అంటే వెంటనే పాకడం మొదలుపెడుతుంది. తీర్పరి ఏం చెప్పినా తప్పే అవుతుంది. కాబట్టి ఆ తీర్పరి ఉండడు.

మరి యాంటీవైరస్‌లు చేసేదేంటి? తెలిసిన వైరస్‌ల వేలిముద్రలతో పోల్చడం, అనుమానాస్పద లక్షణాలు చూడడం, నడుస్తున్న ప్రోగ్రాము ప్రవర్తన గమనించడం. మూడూ అంచనాలే. అంచనా అన్నాక రెండు రకాల తప్పులుంటాయి: దొంగని వదిలెయ్యడం, మంచివాణ్ణి పట్టుకోవడం. ప్రకటనల్లో మొదటిదాని గురించే చెబుతారు. రెండోదాని గురించి ఒక చిన్న లెక్క వేద్దాం.

మన డిస్క్‌లో 1,00,000 ఫైళ్లున్నాయని, వాటిలో 10 మాత్రమే చెడ్డవని అనుకోండి. యాంటీవైరస్ చెడ్డవాటిలో 99 శాతం పట్టుకుంటుంది, మంచివాటిలో 0.1 శాతాన్ని మాత్రమే పొరపాటున అనుమానిస్తుంది. వినడానికి ఎంత బాగుంది! లెక్క చూడండి: చెడ్డవాటిలో దాదాపు 10 దొరుకుతాయి. మంచివాటిలో సుమారు 100 కూడా దొరుకుతాయి. అంటే మోగిన 110 గంటల్లో 100 ఉత్తవే. ఇవి ఉదాహరణ కోసం నేను వేసుకున్న అంకెలే కానీ బేయస్ సిద్ధాంతం మాత్రం మారదు. చెడ్డవి అరుదైన చోట చిన్న పొరపాటు శాతం కూడా పెద్ద సంఖ్య అవుతుంది.

ఇది మాకు నాలుగో రోజు రాత్రి స్వయంగా తెలిసొచ్చింది. మర్నాడు వాడికి ప్రాజెక్టు రివ్యూ. పైథాన్‌లో రాసిన అటెండెన్స్ ప్రోగ్రాముని పైఇన్‌స్టాలర్‌తో ఎగ్జిక్యూటబుల్ ఫైలుగా మార్చి డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నాడు. భోజనానికి వెళ్లొచ్చేసరికి ఫైలు లేదు. వాడికి చెమటలు పట్టాయి. వెతకగా వెతకగా సూట్ వాళ్ల క్వారంటైన్‌లో కనబడింది. "సాధారణ ముప్పు" అన్న పేరుతో ఎత్తుకెళ్లి అందులో పెట్టింది. నిజానికి పైఇన్‌స్టాలర్‌తో తయారైన ఫైళ్లకి ఇది తరచూ జరిగేదే. వైరస్ రాసేవాళ్లూ అదే పనిముట్టు వాడతారు కాబట్టి ఫైలు ముందు భాగం అందరిదీ ఒకేలా ఉంటుంది. పైగా డిజిటల్ సంతకం లేదు, ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా ఆ ఫైలు లేదు. యాంటీవైరస్ కళ్లకి మన ప్రాజెక్టులన్నీ ముక్కూ మొహం తెలియని అనుమానితులే.

తిరిగి తెచ్చుకుని, ఆ ఫోల్డరుని మినహాయింపుల్లో పెట్టేసరికి రాత్రి ఒంటిగంట. సూట్ సెట్టింగ్ "దొరికితే నేరుగా తొలగించు" అని ఉంటే ఆ ఫైలు ఇక రాదు. కాబట్టి మా పరీక్షలో ఒక కొత్త ప్రశ్న చేరింది: అది చేసిన పనిని వెనక్కి తిప్పగలమా?

పెద్ద స్థాయిలోనూ ఇదే కథ. 2010 ఏప్రిల్‌లో మెకఫీ ఇచ్చిన ఒక అప్‌డేట్ విండోస్ ఎక్స్‌పీలోని అసలైన సిస్టమ్ ఫైలునే వైరస్ అనుకుంది. దాంతో ఎన్నో కంప్యూటర్లు మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతూ ఉండిపోయాయి. 2024 జూలై 19 మీకూ గుర్తుండే ఉంటుంది. క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక తప్పు అప్‌డేట్‌తో, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు నీలి తెర దగ్గర ఆగిపోయాయి. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫోటో అందరి ఫోన్లలోనూ తిరిగింది. రెండు సందర్భాల్లోనూ వైరస్ లేదు, కాపలావాడి పొరపాటే.

ఇంట్లో చెయ్యగలిగే పరీక్ష, చెయ్యకూడని పరీక్ష

దయచేసి నిజమైన వైరస్‌లు డౌన్‌లోడ్ చేసి పరీక్షించకండి. హాస్టల్ వైఫైలో ఆ ప్రయోగం మీ ఒక్కరితో ఆగదు.

దానికి బదులు ఐకార్ పరీక్ష ఫైలు ఉంది. 68 అక్షరాల చిన్న టెక్స్ట్. ఏ హానీ చెయ్యదు. కానీ యాంటీవైరస్‌లన్నీ దాన్ని చూడగానే వైరస్ చూసినట్టే అరవాలని కంపెనీల మధ్య ఒప్పందం. మేం దాన్ని సేవ్ చేస్తే సూట్ వెంటనే పట్టుకుంది. సంతోషమే. కానీ దీన్నిబట్టి తేలేది కాపలావాడు మేలుకునే ఉన్నాడని మాత్రమే, దొంగని గుర్తుపడతాడని కాదు. అందరికీ ముందే తెలిసిన ప్రశ్నకి జవాబు రాసినవాడు పరీక్ష పాసైనట్టు కాదు కదా.

అసలు సామర్థ్యం తెలియాలంటే ల్యాబుల ఫలితాలు చూడాలి. జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో ఏవీ-కంపారిటివ్స్ ఉన్నాయి. ఏవీ-టెస్ట్ మూడు విషయాలకి ఆరేసి మార్కులిస్తుంది: రక్షణ, వేగం మీద ప్రభావం, వాడుకలో సౌకర్యం. ఈ మూడోదాంట్లోనే తప్పుడు హెచ్చరికలు లెక్కకొస్తాయి. చాలామంది మొదటి కాలమ్ చూసి ఆగిపోతారు. మీరు మూడూ చూడండి, ఒక్క నెల కాకుండా వరసగా మూడు నాలుగు ఫలితాలు చూడండి.

ఇంకో ముఖ్యమైన పోలిక. విండోస్ 8 నుంచీ డిఫెండర్ అనే యాంటీవైరస్ సిస్టమ్‌తో పాటే ఉచితంగా వస్తోంది. మనం బయటి యాంటీవైరస్ వేస్తే అది పక్కకి తప్పుకుంటుంది. అంటే మనం డబ్బు కట్టి ఒక కాపలావాణ్ణి అదనంగా పెట్టుకోవడం లేదు, ఉన్నవాణ్ణి పంపించి ఇంకొకణ్ణి పెట్టుకుంటున్నాం. కాబట్టి ప్రశ్న "ఇది మంచిదేనా?" అని కాదు, "ఉన్నదానికంటే కట్టే డబ్బుకి తగినంత మెరుగా?" అని.

అనుకోకుండా మాకు ఇంకో పరీక్ష కూడా జరిగింది. రికార్డు ప్రింట్ తీయించుకోడానికి జిరాక్స్ షాపుకి ఇచ్చిన పెన్‌డ్రైవ్ వెనక్కి వచ్చాక అందులో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయాయి. మన కాలేజీల చుట్టుపక్కల అందరికీ పరిచయమున్న చుట్టమే ఇది. అసలు ఫోల్డర్లని దాచిపెట్టి, అదే పేరుతో షార్ట్‌కట్లు పెడుతుంది. క్లిక్ చేస్తే ఫోల్డరుతో పాటు అదీ నడుస్తుంది. సూట్ దాన్ని పట్టుకుంది, ఆ మార్కు దానికి ఇవ్వాల్సిందే. అదే పెన్‌డ్రైవ్‌ని నా లాప్‌టాప్‌లో పెట్టాల్సి వచ్చినప్పుడు డిఫెండర్ కూడా పట్టుకుంది. దాగిన ఫైళ్లు చూపించమని సెట్టింగ్ మార్చితే రికార్డు క్షేమంగా కనబడింది. పెన్‌డ్రైవ్‌ల బెడద ఎక్కువున్నవాళ్లకి సీడాక్ తయారుచేసిన యూఎస్‌బీ ప్రతిరోధ్ అనే ఉచిత పనిముట్టు ఉంది. కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్‌లో దొరుకుతుంది.

వేగం పెరిగిందని ఎలా తెలుస్తుంది?

"క్లీన్ చేశాక ఫాస్ట్‌గా ఉంది మావా" అన్నాడు వాడు రెండో రోజు. అనిపించడం వేరు, కొలవడం వేరు. ల్యాబ్‌లో మనం చేసే పనే ఇక్కడా చేశాం: ఒకసారికి ఒక్కటే మార్చడం, ప్రతిదీ మూడుసార్లు కొలవడం, మధ్య విలువ తీసుకోవడం.

ఇక్కడొక చిక్కుంది. విండోస్ 8 తర్వాత షట్‌డౌన్ చేసినా మెషీన్ పూర్తిగా ఆరిపోదు. ఫాస్ట్ స్టార్టప్ వల్ల కొంత భాగాన్ని డిస్క్‌లో దాచుకుని, ఆన్ చేసినప్పుడు అక్కణ్ణుంచి లేస్తుంది. కాబట్టి కొలవడానికి షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ చెయ్యాలి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కిన దగ్గర్నుంచి బ్రౌజర్ తెరుచుకునేదాకా లెక్కపెట్టాం.

ఏమీ ముట్టుకోకముందు దాదాపు రెండున్నర నిమిషాలు. జంక్, రిజిస్ట్రీ క్లీన్ చేశాక మారింది రెండు మూడు సెకన్లు. కానీ ఏమీ మార్చకుండా మూడుసార్లు కొలిచినప్పుడే వాటి మధ్య తేడా అంతకంటే ఎక్కువ వచ్చింది. కాబట్టి ఆ రెండు మూడు సెకన్లని లాభంగా లెక్కెయ్యలేం. తర్వాత అక్కర్లేని స్టార్టప్ ప్రోగ్రాములు ఆపాం. అప్పుడు అరనిమిషం పైనే తగ్గింది. ఇది నిజమైన తేడా. కానీ ఈ పని టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్ తెరిచి ఎవరైనా ఉచితంగా చెయ్యొచ్చు. ఆ లిస్టులో ఎక్కువ భారం వేస్తున్న ప్రోగ్రాముల్లో ఒకటి ఏదో తెలుసా? వేగం పెంచుతానన్న సూటే.

ఇదంతా ఒక్క పాత లాప్‌టాప్ సంగతి, మీ మెషీన్‌లో అంకెలు వేరుగా ఉంటాయి. అందుకే అంకెలకంటే పద్ధతి గుర్తుపెట్టుకోండి.

డీఫ్రాగ్ విషయం కూడా చెప్పాలి. తిరిగే డిస్క్‌లో ఫైలు ముక్కలు దూరంగా ఉంటే తల అటూ ఇటూ తిరగాలి కాబట్టి వాటిని సర్దితే కొంత లాభం. ఆ పని విండోస్ తనంతట తానే వారానికోసారి చేసుకుంటుంది. ఎస్‌ఎస్‌డీలో కదిలే తల లేదు. అక్కడ మామూలు డీఫ్రాగ్ చేస్తే లాభం లేకపోగా అనవసరంగా రాతలు పెరిగి దాని ఆయుష్షు కొంత తగ్గుతుంది. ఎస్‌ఎస్‌డీ ఉన్న మెషీన్‌కీ "డీఫ్రాగ్ అవసరం" అని ఎర్రగా చూపించే సూట్ దొరికితే, మిగతా సలహాలు కూడా అలాంటివేనని అనుకోవచ్చు.

కాపలావాణ్ణి ఎవరు కాస్తారు?

ఇలాంటి సూట్‌కి మన కంప్యూటర్‌లో అన్ని గదుల తాళాలూ ఇస్తున్నాం. ప్రతి ఫైలూ చదవగలదు, ప్రతిదీ తొలగించగలదు. కాబట్టి అది మంచిదైతేనే చాలదు, తయారుచేసే కంపెనీ కూడా భద్రంగా ఉండాలి. 2017లో బాగా పేరున్న సీక్లీనర్ 5.33 వర్షన్‌లో, కంపెనీకే తెలియకుండా హ్యాకర్లు తమ కోడ్ కలిపేశారు. కంపెనీ అసలు డిజిటల్ సంతకంతోనే అది బయటికొచ్చింది. దాదాపు 22.7 లక్షల మంది మెషీన్లలోకి చేరింది. శుభ్రం చేసుకుందామని అధికారిక సైట్ నుంచే తెచ్చుకున్నవాళ్లు వాళ్లంతా.

రెండోది మన సమాచారం. అవాస్ట్ అనే యాంటీవైరస్ కంపెనీ వినియోగదారుల బ్రౌజింగ్ వివరాలని తన అనుబంధ సంస్థ జంప్‌షాట్ ద్వారా అమ్మిన సంగతి 2020లో బయటపడింది. గొడవయ్యాక జంప్‌షాట్‌ని మూసేశారు. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1.65 కోట్ల డాలర్లు కట్టించింది. ఉచితం అనగానే సంబరపడకుండా, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "డేటా పంచుకోవడం" అన్న టిక్కుల్ని చదవాలి. డబ్బు కట్టేటప్పుడు ఆటో రెన్యువల్ టిక్కునీ చూడాలి. మొదటి ఏడాది ధర ఒకటి, రెండో ఏడాది కార్డులోంచి పోయేది ఇంకొకటి అవ్వచ్చు.

మూడోది, ఏ సూట్ వేసినా తప్పనిది: విండోస్ అప్‌డేట్లు. వన్నాక్రై దాడి 2017 మే 12న మొదలైంది. అది దూరిన కంతని పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. రెండు నెలల సమయముంది. వేసుకోనివాళ్ల మెషీన్లు దొరికిపోయాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా ఆ దెబ్బ తిన్నాయి. "అప్‌డేట్ అండ్ రీస్టార్ట్" చూడగానే "తర్వాత" నొక్కే అలవాటు నాకూ ఉండేది. ఇది చదివాక మానేశాను.

మా చివరి పట్టిక

ఐదో రోజు సాయంత్రం ఇద్దరం కూర్చుని ఐదు ప్రశ్నలు రాసుకున్నాం. మీకూ పనికొస్తాయి:

1. ఎర్ర అంకెలో నిజమైన వైరస్‌లు ఎన్ని? ఊరకే బ్రౌజ్ చేస్తే అంకె పెరుగుతోందా?
2. ఇది చేసే పని విండోస్‌లో ఉచితంగా ఇప్పటికే ఉందా?
3. కొలిస్తే తేడా కనబడిందా, లేక అనిపించిందా?
4. అది తీసేసినదాన్ని వెనక్కి తెచ్చుకోగలనా?
5. డబ్బుతో పాటు ఇంకా ఏమిస్తున్నాను: తాళాలా, సమాచారమా, వచ్చే ఏడాది చందానా?

మా సూట్‌కి వైరస్ రక్షణలో మంచి మార్కులే వచ్చాయి. మిగతా వాటిలో విండోస్‌లో లేనిదేదీ మాకు అవసరమనిపించలేదు. అయితే ఇది అందరికీ ఒకటే తీర్పు కాదు. ఇంట్లో చిన్నపిల్లలకి నియంత్రణలు కావాలన్నా, ఐదారు మెషీన్లని ఒకచోట నుంచి చూసుకోవాలన్నా డబ్బు పెట్టి కొనే సూట్‌లో అర్థముంది. అలాంటప్పుడు కూడా ఎర్ర అంకె చూసి కాదు, అవసరం చూసి కొనాలి.

వాడు డబ్బు కట్టలేదు. సూట్ తీసేశాక విండోస్ సెక్యూరిటీ తెరిచి డిఫెండర్ మళ్లీ ఆన్ అయిందో లేదో చూసుకున్నాం. ఈ పని మర్చిపోతే అసలు కాపలా లేకుండా మిగిలిపోతాం. ప్రాజెక్టునీ రెజ్యూమెనీ ఒక కాపీ డ్రైవ్‌లో, ఒక కాపీ నా పెన్‌డ్రైవ్‌లో పెట్టాం. మెస్ బిల్లు మెస్‌కే పోయింది. సంక్రాంతికి వచ్చిన డబ్బుతో ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ కొని పాత డిస్క్ స్థానంలో వేయించాడు. ఏ బూస్టరూ ఇవ్వని వేగం అప్పుడు వచ్చింది.

మొన్న వాళ్ల అన్నయ్య ఊరి నుంచి ఫోన్ చేశాడు. ఆయనకి చిన్న నెట్ సెంటరుంది. కొత్తగా ఏదో సాఫ్ట్‌వేర్ వేశాడట, నాలుగు వేల సమస్యలు చూపిస్తోందట, మూడు మెషీన్లకీ కలిపి డబ్బు కట్టమంటోందట. మావాడు మంచం మీద నుంచి లేవకుండానే అన్నాడు:

"అన్నా, ఇప్పుడే కట్టకు. ముందు వివరాలని చిన్నగా రాసుంటది చూడు, అది తెరువు. అందులో వైరస్‌లు ఎన్నో చదువు."

అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఫోన్‌లోంచి నవ్వు నాక్కూడా వినబడింది.